స్టాండు తీయను

జులై 3, సోమవారం
పడ్డాను. కాశీబుగ్గ మలుపులో, బడికి వెళ్తూ. సైకిల్ ఎడమకి తిప్పానో లేదో స్టాండు దానంతటదే జారి రోడ్డుకి తన్నింది... వెనక చక్రం గాల్లోకి లేచింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. చీర చిరిగింది. జీడి ఫ్యాక్టరీకి వెళ్తున్న ఆడవాళ్లు లేపారు. మా ఏడో తరగతి పిల్లలు చూశారు. మోచేతి కన్నా అదే మండుతోంది.

పడ్డానని మాత్రమే ఇంట్లో చెప్పాను. అక్క పసుపు రాసింది. బావ నవ్వాడు — "ఇంత సదివి సైకిల్ తొక్కడం రాదేటే మరదలా?" అక్క కూడా నవ్వింది.

జులై 4
మెకానిక్ వంగి చూశాడు. స్టాండు స్ప్రింగు తెగిపోయిందట. దాని బదులు ఎవరో కొబ్బరితాడు ముక్క కట్టారట. ఆ తాడే జారింది.

మా ఇంట్లో కొబ్బరి తోటకి వెళ్లేది బావ ఒక్కడే. ఆదివారం నా సైకిలే తీసుకెళ్లాడు, అడక్కుండా. తెచ్చి గోడకి ఆనించాడు, ఎప్పుడూ లేనిది. తోటలో ఇసకలో స్టాండు వేసి, క్యారియర్ మీద కాయల బస్తా ఎత్తి ఉంటాడు. స్టాండు కూరుకుపోయి స్ప్రింగు తెగి ఉంటుంది. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ ఇసకలో సైకిల్‌ని చెట్టుకి ఆనించాలని తెలియదా? తెలుసు. సైకిల్ తనది కాదు కదా.

"స్టాండు తీసీమంతారేటి టీచరుగారూ? ఒక్క బోల్టే," అన్నాడు మెకానిక్.
ఉండనీ అన్నాను.

జులై 5
తీయను. బాగూ చేయించను.

జులై 6
కొత్త తాడు ముక్క కట్టాను. బావ కట్టినట్టే, వదులుగా. ఆదివారం మళ్లీ తోటకి వెళ్తాడు. కాలవ దగ్గర ఎడమ మలుపు ఉంది.

చెయ్యి విరిగితే? విరగనీ... కాదు, మోచెయ్యి చాలు. నాకు ఎంత చెక్కుకుందో అంత. నలుగురూ చూడాలి. అప్పుడు నేను నవ్వుతాను. మరదల్ని బావ ఏమన్నా సరసమే అంటారు. మరదలు చేసినా సరసమే.

జులై 8
ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను. తప్పయిందని ఒక్క ముక్క అంటే ఆ బోల్టు విప్పేసేదాన్ని. అన్నం తింటూ తనే అడిగాడు — "స్టాండు బాగు సేయించినావేటి?"

స్టాండు మాట నేను ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అంటే తెలుసు. తెలిసే గోడకి ఆనించి ఊరుకున్నాడు. తెలిసే నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

చేయించాను బావా అన్నాను. ఇంకో గరిటె పప్పు కూడా వేశాను.

జులై 9, ఆదివారం
పొద్దున్నే బావ నా సైకిల్ తీశాడు. చూద్దామని వాకిట్లోనే నిలబడ్డాను. అక్క క్యారేజీ పట్టుకుని బయటికొచ్చింది. తోట చూసి చాలా రోజులైందట, తనూ వెళ్తుందట. ముందు నా మోచేతికి మళ్లీ పసుపు రాసింది. తర్వాత వెనక ఎక్కి కూర్చుంది.

దిగమంటే ఎందుకో చెప్పాలి. బావ ముందు చెప్పాలి.

మలుపులో మెల్లగా బావా అన్నాను. అంతే అన్నాను.

"నీలాగ పడిపోతామనుకున్నావేటే?" — నవ్వుతూ తొక్కేశాడు. అక్క చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం దాటింది. బావ ఫోను ఎత్తడం లేదు. అక్క ఫోను ఇక్కడే, బల్ల మీద ఉంది.