మూడో మిషను చప్పుడు

మేనేజరు గారికి,

మన నూలు మిల్లు పెద్ద మెకానిక్కు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

కొత్తగా చేరిన అమ్మాయి డ్యూటీలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటోందనీ, ఈ కాలం పిల్లలకు పని ఒంటబట్టదనీ, ఆమెను తీసెయ్యమనీ సోమవారం మీకు ఫిర్యాదు ఇచ్చాను. దయచేసి దాన్ని చించెయ్యండి.

నిన్న ఆమె పరుగున వచ్చి, "బాబాయ్, మూడో మిషను ఆపుదాం, బేరింగు పోతోంది" అంది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరు మిషనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. "ఏం లేదు, పోయి నీ పని చూసుకో" అని కసిరాను. నా మాట లెక్కచెయ్యకుండా తనే మిషను ఆపేసింది. విప్పితే బేరింగు నల్లగా మాడి ఉంది. ఇంకాసేపు నడిస్తే దూదికి నిప్పంటుకునేది.

ఆమె వినేది పాటలు కావండి. రోజూ ప్రతి మిషను చప్పుడూ ఫోన్లో రికార్డు చేసుకుని, నిన్నటిదానితో పోల్చి చూస్తోంది. నాకు ఇన్నేళ్లలో తట్టని ఆలోచన అది.

మీకు మాత్రం బాబాయే కనిపెట్టాడని చెప్పిందట. నన్ను మెచ్చుకుంటూ మీరు పంపిన కాగితం ఈ ఉత్తరంతో పాటు వెనక్కి పంపుతున్నాను. దానిమీద ఆమె పేరు రాయండి.

నాకు ఏడాదిగా చెవులు సరిగా వినబడటం లేదు. నిన్న ఆ సంగతి కనిపెట్టి కూడా ఆమె మీకు చెప్పకుండా దాచింది. నేనిక దాచలేను.

ఇట్లు,
మీ మెకానిక్కు