చెంచా ముక్కు పిట్ట

బావా,

హంసలదీవి బురదనేల మీద నువ్వు చూసిన పిట్ట కోసం ఈ ఉదయం మళ్లీ వెళ్లాను. నువ్వు పోయాక ఇదే మొదటి చలికాలం.

పోయినేడు నువ్వు అరుదైన పిట్టని సంబరంగా చూపిస్తే, "చెంచా ముక్కుదేంటి బావా! మామూలు ఉల్లంకి పిట్టే, ముక్కుకి బురద అంటింది" అన్నాను. నా చూపు మీద నమ్మకంతో, నీ పిట్టల పుస్తకంలో రాసుకున్న పేరు కొట్టేశావు.

ఇవాళ దిబ్బ అంచున ఉల్లంకుల గుంపులో ఒకదాని ముక్కు చివర వెడల్పుగా కనిపించింది. అది ముక్కు కడుక్కునేదాకా కదలకూడదనుకున్నాను. ఈలోగా పోటు మొదలైంది.

"వచ్చేయండి! ఇంకాసేపుంటే పడవ దాకా దారి మునిగిపోద్దండీ!" అని పడవ నడిపే ఏసుబాబు అరిచాడు.

"ఒక్క నిమిషం" అన్నాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. బైనాక్యులర్స్ కళ్ల దగ్గర్నుంచి దించలేదు. గుంపు లేచిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను. అప్పుడు ఆ పిట్ట ముక్కు నీళ్లలో ముంచి, రెండుసార్లు విదిలించి, తలెత్తింది.

చెంచా అలాగే ఉంది.

పడవలో కూర్చుని నీ పుస్తకం తెరిచాను. నువ్వు పెన్నుతో కొట్టేసిన గీత చెరగదు. అందుకని దాని పక్కనే "బావ చూశాడు" అని రాసి, కింద సంతకం పెట్టాను.

నేను చూసింది ఇంకా రాయలేదు.