మైకులో హర్ష పేరు

హర్ష వాళ్ళ నాన్నగారికి,

నమస్కారం. ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. సరిహద్దులో చలి ముదిరిందన్నారు, చెవులకు గుడ్డ కట్టుకుంటున్నారా? ఫోనులో చెబుదామంటే మీకు సిగ్నల్ దొరకదు, దొరికిన రోజున అత్తమ్మ పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మిరప సంగతి అడిగారు. తుఫానుకు చేను మొత్తం మునిగింది. పత్తి కాయలోనే మొలకెత్తింది. పోనీండి, పైరుదేముంది, మళ్ళీ వేసుకుంటాం.

మీ చెల్లెలు దీపిక సంబంధం ఖాయమయ్యేదాకా హర్ష జబ్బు బయటపడనీయవద్దని రాశారు. వంశంలోనే ఉందనుకుని పిల్లను కాదంటారని మీ భయం. నేనూ వాణ్ణి లోపలి గదిలోనే ఉంచాను. తుఫానుకు ముందు ఆశా వర్కరు జమీలక్క ఇంటింటికీ తిరిగింది. "మిషన్ మీదుండే పిల్లలుంటే చెప్పండమ్మా, ముందే ఆసుపత్రికి చేరుస్తాం" అంది. అత్తమ్మ గడపలోనే నిలబడి, "మా ఇంట్లో అట్టాంటోళ్ళు లేరు. పిల్లోడికి కాస్త ఆయాసం, అంతే" అని పంపేసింది. నేను లోపల వింటూ నోరు మూసుకున్నాను.

తుఫానొచ్చి కరెంటు పోయింది. వాగు పొంగి మాచర్ల రోడ్డు తెగింది, ఫోన్లు పలకలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఇన్వర్టర్ కూడా చచ్చింది. కఫం లాగే మిషన్ ఆగిపోయింది. వాడి గొంతులో గొట్టం గురగురమంటోంది, కళ్ళు తేలేస్తున్నాడు. ఏం చెయ్యనండీ!

దీపిక వానలో పరుగెత్తింది. దాని పెళ్ళికి పందిరి నేనే వేస్తానని ముచ్చటపడే మైకుసెట్టు జక్కయ్య బాబాయి దగ్గర జనరేటర్ ఉంది, డీజిలు లేదు. మైకు మాత్రం బ్యాటరీ మీద పలికింది. "మా అన్న కొడుకు హర్షకి గొంతులో గొట్టం ఉందయ్యా! మిషన్ ఆగింది. డీజిలు ఉన్నోళ్ళు పట్రాండి, మీ కాళ్ళు మొక్కుతా!" ఊరు ఊరంతా విన్నది. ట్రాక్టర్లలోంచి తీసి సీసాలతో, చెంబులతో తెచ్చారు. మనమంటే గిట్టని పున్నయ్య మామ కూడా తెచ్చాడు. జనరేటర్ తిరిగి మిషన్ నడిచింది, హర్ష బతికాడండీ.

నిన్న సత్తెనపల్లి పెళ్ళివారు "ఇప్పట్లో వద్దులెండి" అని కబురు పెట్టారు. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు గదే" అని అత్తమ్మ దీపికను దెప్పుతూనే ఉంది. "అవునమ్మా, నేనే పోయా. నన్నెవరూ పంపలా" అంటుంది అది.

అది అబద్ధం. ఇంతసేపూ రాయలేకపోయాను, మీకైనా చెప్పాలి. పంపింది నేను. వాణ్ణి వదిలి కదల్లేక, "మైకులో చెప్పు, వాడి పేరు పెట్టి చెప్పు" అన్నాను. దాని పెళ్ళి చెడుతుందని తెలిసే అన్నాను. ఒక్కసారి నా వంక చూసి, "పిల్లోడి దగ్గరుండు వదినా" అని చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

జమీలక్క మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే గడప దాటి అంతా చెప్పాను. తిడితే తిట్టండి. మళ్ళీ తుఫానొస్తే మళ్ళీ అదే పని చేస్తాను. దీపికకు మాత్రం మీరే ఓ ఉత్తరం రాయండి. రోజూ నాకే ముందు అన్నం పెడుతోంది, దాని మొహం చూడలేకపోతున్నాను.

ఇట్లు,
హర్ష వాళ్ళమ్మ