పెద్దమ్మ ఇచ్చిన డబ్బు

అక్కా,

ఇందుమూలముగా బంధుమిత్రులందరికీ తెలియజేయునది ఏమనగా, బ్యాంకు మెట్లు ఎక్కీ దిగీ నా కుడికాలి చెప్పు తెగిపోయినది.

నీ మోకాలి ఆపరేషన్‌కి పంపిన డబ్బు వాళ్లు ఆపేశారు. పరుపులు కుట్టి కూడబెట్టానంటే మేనేజరు నమ్మడు.

“ఉగ్రవాదులకు డబ్బు చేరకుండా చట్టం ఉందయ్యా. ఈ డబ్బు ఎక్కడిదో ఆధారం చూపించు.”

“మా అక్క కర్ర లేనిదే గడప దాటలేదు సార్, ఎవరి మీద దాడి చేస్తుంది?”

నవ్వలేదు మహానుభావుడు. బోర్డు తప్ప ఆఫీసే లేని కాంట్రాక్టరుకు మాత్రం టీ ఇచ్చి మరీ కోట్లు దాటించాడు. ఆయన కాగితాలు పక్కాగా ఉన్నాయట!

ఒళ్లు మండి, పోయిన పెద్దమ్మ ఇచ్చిందని నేనూ ఒక కాగితం రాసిచ్చాను. వెంటనే ముద్ర కొట్టారు. రేపు డబ్బు అందుతుంది, ఆపరేషన్ చేయించుకో.

బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తే కాస్త ఏడువు. మనకు పెద్దమ్మ ఎక్కడిదని మాత్రం అనకు. ఆవిడను పుట్టించిందీ నేనే, చంపిందీ నేనే.

నీ తమ్ముడు