పేరు ముందు ఖాళీ

దుర్ముఖి నామ సంవత్సరం, వైశాఖం, శుక్రవారం.

మా పార్టీలో తాలూకా అధ్యక్ష పదవికి నిలబడినవాళ్ల పేర్లన్నీ ఆఫీసు బండ మీద చెక్కడం అయింది. చనిపోయిన ఆరుగురి పేర్లకీ ముందు ‘కీ.శే.’ అని చెక్కాను. బతికున్న సుబ్బారెడ్డికి అంత జాగా ఖాళీగా వదిలాను. లేకుంటే వరస వంకరపోతుంది. నాకు చదువు తక్కువేగాని, నా గీత తప్పదు.

సుబ్బారెడ్డి వచ్చి ఆ ఖాళీలో వేలు పెట్టాడు.

“ఈ జాగా నాకే పెట్టినావా అప్పా?”

“వరస కుదరాల గదప్పా.”

“నువ్వూ ఓ తూరి నిలబడి ఓడిపోయినావే. నీ పేరు యాడుండాది?”

రోషమొచ్చి కింద నా పేరూ చెక్కాను. ముందు అంతే ఖాళీ వదిలాను.

పొద్దుగూకాక తడిమి చూశాను. బండంతా చల్లబడింది. నా పేరు ముందున్న ఖాళీ మాత్రం అప్పుడే ఉలి దించినట్టు వేడిగా ఉంది.

ఈ ఊళ్లో అక్షరాలు చెక్కేవాణ్ణి నేనొక్కణ్ణే.