మంచంపట్టె మీద చప్పుడు

4 ఫిబ్రవరి 1968, ఆదివారం

మందమర్రి డేరా టాకీసులో ఇంగ్లీషు సినిమా పడింది. ఒక మనిషి చంద్రుడి మీద ఒంటరిగా చిక్కుకుపోతాడట. ఇంగ్లీషు ఎవరికీ రాదు కనుక డిస్పెన్సరీ నర్సు ఆనందమ్మ మైకు పట్టుకుని తెలుగులో చెబుతుందట. చర్చిలో పాడే గొంతు, బాగానే ఉంటుంది. వెళ్దామా అని ఆయన్ని అడిగాను. ఇంగ్లీషు సినిమా మనకెందుకన్నారు. సాయంత్రం యూనియన్ ఆఫీసుకని వెళ్లి, అటు నుంచి అటే గనికి నైట్ షిఫ్టుకు వెళ్లారు.

5 ఫిబ్రవరి, సోమవారం

ఆయన పగలు పడుకునే వారం. పప్పు రుబ్బడం, బట్టలు బాదడం అన్నీ ఆయన లేచాకే. నిద్రలో వేళ్ల కణుపులతో మంచంపట్టెను కొడతారు. రెండేళ్లుగా ఈ అలవాటు. పక్కింటి కొమురవ్వ ఒకసారి తన తలుపే అనుకుని లేచి వచ్చింది. అందుకే ఆ చేతి కింద దుప్పటి మడిచి పెడతాను.

6 ఫిబ్రవరి, మంగళవారం

చొక్కా ఉతకబోతే జేబులో సినిమా టికెట్ ముక్కలు. డేరాలో రోజుకో రంగు టికెట్ ఇస్తారు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. అంటే రెండు రోజులూ వెళ్లారు. యూనియన్ ఆఫీసులో టికెట్లు ఇవ్వరు.

అడగలేదు. ఆ చొక్కాకు సబ్బు పెట్టలేదు.

7 ఫిబ్రవరి, బుధవారం

కొమురవ్వ నిన్న సినిమాకు వెళ్లింది. ఆట అయిపోయినా మా ఆయన కదల్లేదట. ఆనందమ్మ మైకు తీగ చుడుతుంటే పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడారట. ఆమె వింటూ తలూపిందట.

"అక్కా, నీ పెనిమిటికి ఇంగిలీషు మంచిగ ఒంటవట్టింది. జర చూసుకో," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. నీళ్లు, అన్నం, దీపం తగ్గించు. ఒక మనిషి అంతసేపు తలూపే మాటలు ఆయన దగ్గర ఉన్నాయని ఈ రోజే తెలిసింది. ఆనందమ్మ తెల్లచీర ఎప్పుడు చూసినా నలిగి ఉండదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఒంటి మనిషి. నలగమంటే ఎలా నలుగుతుంది?

8 ఫిబ్రవరి, గురువారం

ఈ రోజూ వెళ్లారు. కూరలో ఉప్పు వేయలేదు. తిన్నారు, అడగలేదు.

9 ఫిబ్రవరి, శుక్రవారం

ఆయన బయలుదేరాక కొమురవ్వను తీసుకుని నేనూ వెళ్లాను. ఆడవాళ్ల వైపు, మగవాళ్ల బెంచీలు కనబడేచోట కూర్చున్నాను. సినిమా కోసం కాదు, ఆ ఇద్దరినీ చూడడానికి.

కానీ సినిమా చూశాను. ఆ మనిషి ఎక్కిన రాకెట్ చంద్రుడి మీద ఒరిగిపోయింది. తలుపు బిగుసుకుంది. గడియారం లాంటిదాంట్లో ముల్లు కిందికి దిగుతోంది. "లోపట గాలి తక్కువున్నది. మాట్లాడితే గాలి ఖర్చయితది. గందుకే మాట్లాడుతలేడు," అంది ఆనందమ్మ. ఆ తర్వాత ఆమెకూ చెప్పడానికి ఏమీ లేకపోయింది. డేరా అంతా గప్‌చుప్. ఆ మనిషి ఇనుప గోడను కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టి, ఆగి, చెవి ఆనించి విని, మళ్లీ కొట్టాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ దాని కింద దుప్పటి పెట్టేది నేనే.

ఆయన వైపు చూశాను. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు. కాపాడడానికి వచ్చినవాళ్లు బయట నుంచి బదులు కొట్టగానే జనం ఈలలు వేశారు. ఆయన వేయలేదు. తువ్వాలు కళ్ల మీదికి వెళ్లింది.

ఆనందమ్మ తెరను చూడడం లేదు, ఆయన్ని చూస్తోంది. ఆ చూపులో చెడ్డదేమీ లేదు. నాకు ఎక్కువ మండింది దానికే. ఆయన ఎక్కడ ఏడుస్తారో ఆమెకు ముందే తెలుసు.

10 ఫిబ్రవరి, శనివారం

డిస్పెన్సరీలో అందరితోపాటు వరుసలో నిలబడ్డాను. నా వంతు రాగానే ఏం నొప్పి అని అడిగింది. మా ఆయన నీకేం చెప్పాడని అడిగాను. వెనకవాళ్లను బయట కూర్చోమంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చానంది. నేను కదల్లేదు.

చివరికి చెప్పింది. ఆయనది గనిలో కప్పుకు కర్రలు నిలబెట్టే పని. రెండేళ్ల కింద కప్పు కూలి అవతల ఒక్కరే చిక్కుకుపోయారట. దీపం ఆరిపోయిందట. నీళ్ల పైపును రాయితో కొడుతూ కూర్చున్నారట. బదులు రావడానికి ఒక షిఫ్టంతా పట్టిందట. ఒక్క మనిషే కనుక ఊరికి వినబడే ప్రమాదం సైరన్ వేయలేదట. ఇంట్లో చెప్పొద్దని తోటివాళ్లతో ఆయనే ఒట్టు వేయించుకున్నారట.

ఆలస్యంగా వచ్చిన ఆ రోజు గుర్తుంది. డబుల్ డ్యూటీ అన్నారు. వేన్నీళ్లు తోడాను.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు తెలిస్తె మల్ల గనిలకు పోనియ్యవని భయపడ్డడు, యాదవ్వా. గాయినకు సినిమా గాదు కావాల్సింది. బయటోళ్లు బదులు కొట్టిన చప్పుడు మల్ల మల్ల ఇనాలె. గందుకే రోజు వస్తుండు."

"నీకైతే చెప్పిండు గద."

"నాకు చెప్పుడు సులువు. నేను ఆయనకేం గాను."

ఆయన భయపడ్డది నిజమే. తెలిస్తే పోనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు తెలిసింది. సాయంత్రం ఎప్పటిలాగే సద్దిగిన్నె కట్టి ఇచ్చాను. పోవద్దనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. అది అంటే ఇంక ఏదీ ఎప్పటికీ చెప్పరు.

జీతం తెచ్చి నా చేతిలో పెడతారు. భయం తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టారు. ఆనందమ్మ మీద కోపం పోయింది. కుళ్లు పోలేదు.

11 ఫిబ్రవరి, ఆదివారం, పగలు

డేరాలో వేరే సినిమా పడింది. ఆయన నిద్రలో పట్టెను కొట్టారు. దుప్పటి పెట్టలేదు. ఆయన ఆగేదాకా ఆగి, అవతలి కొసన నేను కొట్టాను.

ఆ చెయ్యి విన్నది. తర్వాత పిడికిలి విప్పింది.

ఇది ఆనందమ్మకు చెప్పను.