గులాం అలీ బొమ్మ

గోదావరిఖని

జుబేర్ భాయ్,

పోయిన మీ అన్న గులాం అలీ బొమ్మ గీయమని లతీఫున్నీసా భాభీ అడిగింది. ఆమె దగ్గరున్నది గని గుర్తింపు కార్డు ఫొటో ఒక్కటే. అందులో మొహం బిగుసుకుపోయి ఉంది.

నూటయాభై ఏళ్ల కిందటి ఒక హంగరీ చిత్రకారుడి జీవితం చదివాను. పోయినవాళ్ల బొమ్మ అడిగితే, వాళ్ల తోబుట్టువును ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసేవాడట. నేనూ గీయగలను, నా చేతి మీద నాకు నమ్మకముంది.

అన్న పోయాక ఆయన గని ఉద్యోగం ఇంట్లో ఎవరికి రావాలన్న గొడవతో మీకు ఆ ఇంటితో మాటల్లేవని తెలుసు. అయినా మీ పేరు చెప్పింది భాభీయే: "ఆయనసొంటి నవ్వు జుబేర్‌కే ఉన్నది. పిలువుండ్రి, వస్తడు."

ఫొటో చూసి గీసిన కళ్లు, నుదురు అయిపోయాయి, నవ్వే మిగిలింది. ఆదివారం బసంత్‌నగర్ నుంచి పొద్దున బస్సుకే రండి. మీరు కోపంగా కూర్చుంటే నేను కోపమే గీస్తాను. భాభీ రోజూ దాన్నే చూసుకుంటుంది.

ఇట్లు,
బస్టాండు దగ్గరి పెయింటర్